చొక్కా భుజాల మీది పొడి

నా భార్య చేసిన బొమ్మలకు చీటీలు రాసి ఇమ్మని ఆమె పనిచేసిన బడి ప్రధానోపాధ్యాయిని నన్ను అడిగినప్పుడు అది ఒక పూట పని అనుకున్నాను. బొమ్మలు అంటించిన చెక్కపలకలు పన్నెండున్నాయి. ఒక్కొక్కదానికి ఒక చీటీ: బొమ్మ పేరు, అందులో వాడిన వస్తువులు, అవి ఎక్కడినుంచి వచ్చినవి. ఆమె పోయి ఏడాది కావస్తున్నది. ఏడాది నిండే రోజున పలకలన్నీ బడి హాలు గోడలకు తగిలించి, పాత విద్యార్థులను పిలవాలని వాళ్ళ ఆలోచన. పదకొండు చీటీలు నిజంగానే ఒక పూటలో ముగిశాయి. పన్నెండోదానికి పదిహేను రోజులు పట్టింది.

నేను అదే బడిలో సైన్సు చెప్పి విరమించాను. ఆమె బొమ్మలు నేర్పేది. మా ఇద్దరి గదుల మధ్య ఒక మెట్ల వరుస మాత్రమే ఉండేది. పెళ్ళికి ముందు మూడేళ్ళు ఆ మెట్ల మీదే మేము వాదులాడుకున్నాం.

ఆమె పుట్టింది బంగారు గని కార్మికుల లైను ఇండ్లలో. తండ్రి చిత్తూరు వైపు పల్లెనుంచి వచ్చి గనిలో చేరినవాడు. భూగర్భంలో రాయికి బెజ్జాలు వేసే పని. ఆమె నాలుగో తరగతిలో ఉండగా ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. తల్లి ఇండ్లలో పనిచేసి కూతురిని చదివించింది. డ్రాయింగు పరీక్షలు రెండూ ప్యాసయి, మొదట శ్రీనివాసపురం తాలూకా గౌనిపల్లిలో రెండేళ్ళు పనిచేసి, తరువాత మా బడికి వచ్చింది. ఈ వివరాలలో సగం నేను కాగితాల మీద చూసినవి, సగం ఆమె చెప్పగా విన్నవి.

బొమ్మల మాస్టరుకు మా బడిలో ఇచ్చేది ఒక సుద్దముక్కల పెట్టె, ఒక హాజరు పుస్తకం. రంగులు కొనుక్కోగల పిల్లలు తరగతికి నలుగురైదుగురు కంటే ఉండేవారు కారు. మిగిలినవాళ్ళు ఆ నలుగురి వెనక నిలబడి చూసేవారు. చేరిన రెండో వారంలో ఆమె ఆ రంగు పెట్టెలన్నింటినీ బీరువాలో పెట్టి తాళం వేసింది. "రేపు ఒక్కొక్కరూ మీ ఇంట్లో పారేసే వస్తువు ఒకటి తీసుకొని రండి. పారేసేదే తేవాలి. అమ్మను అడిగి కొత్తది తెస్తే వాపసు పంపిస్తాను" అని చెప్పింది. మరునాడు గోనెసంచి పీలికలు, చింతగింజలు, తెగిపోయిన చెప్పుల తోలు, ఎండిన మామిడి టెంకలు, గనిలో పేలుళ్ళకు వాడి వదిలేసిన ఎరుపు, పసుపు సన్నతీగలు వచ్చాయి. ఆ తీగలతో లైనుల్లో ఆడవాళ్ళు బుట్టలు అల్లేవారు. అల్లగా మిగిలిన ముక్కలవి. ఆ రోజునుంచి ఆమె పిల్లలచేత చేయించిందీ, తాను ఇంటి దగ్గర చేసిందీ అటువంటి బొమ్మలే. కళాశాలల్లో దానిని మిశ్రమ మాధ్యమం అంటారు. మా ఉపాధ్యాయుల గదిలో చెత్త బొమ్మలు అనేవారు. ఆమె ఆ పేరునే ఖాయం చేసుకుంది. "మా చెత్త పీరియడు లెక్కలకు ఇచ్చేయమంటారా సార్? ఇయ్యను" అని లెక్కల మాస్టరుకు ఎదురు చెప్పడం నేను విన్నాను.

పని పద్ధతి ఇది. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తీసేది. పాత నూలుగుడ్డను ఆ జిగురులో ముంచి పలక మీద పరిచి, రాళ్ళ కింద రెండు రోజులు ఆరబెట్టేది. ఆ పైన మళ్ళీ పలచగా జిగురు రాసి, అది తడిగా ఉండగానే పాత చీర ముక్కలోంచి ఇటుక, రాతి పొడులు జల్లెడ పట్టేది. గాలి కదిలితే పొడి పక్కకు పోతుంది కనుక జల్లెడ పట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేది. తరగతిలో నలభై మంది పిల్లలు ఆమెతోపాటు ఊపిరి బిగబట్టి నిలబడడం నేను కిటికీలోంచి చూశాను. ముక్కుకు తడిగుడ్డ కట్టుకొమ్మని పోరింది నేను. ఆ ఒక్క విషయంలో నా మాట ఏ వాదనా లేకుండా విన్నది.

మిగతా అన్నింటికీ వాదనే. కొన్నిసార్లు జిగురుకు బదులు వాడే రాగిపిండి గంజిలో చిటికెడు పసుపు వేస్తే పురుగు పట్టదని అన్నది. పసుపు గంజి పట్టించినది, ఉత్త గంజి పట్టించినది రెండు గుడ్డముక్కలు ఒక వానాకాలమంతా అటక మీద ఉంచి చూపించాను. పురుగులు రెండింటినీ సమానంగా తిన్నాయి. ఆమె ఆ ముక్కలు తీసుకొని, "ఎంత బాగా కొరికినాయి చూడండి, నా చేతికి ఇంత సన్నంగా రాదు" అని, ఆ రంధ్రాలను అట్లాగే ఒక పలకలో ఎండిన చెరువు చేసింది. మరొకసారి అంగడి ఎరుపు వెలిసిపోతుంది, ఇటుక పొడి ఎరుపు వెలవదు అన్నది. రెండు పట్టీలు గీసి ఎండ తగిలే కిటికీలో వేసవి అంతా ఉంచాను. ఆ వాదనలో ఆమెదే గెలుపు. ఆ పట్టీలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

ఆ ఇటుక పొడి మాలూరుది. ఒక ఆదివారం బెంగళూరుకు పోతుంటే రైలు మాలూరులో ఆగింది. పట్టాల పక్కన బట్టీవాళ్ళు పారబోసిన ఇటుక ముక్కల కుప్ప కనిపించింది. "ఇప్పుడే వస్తాను" అని దిగింది. రైలు కదిలింది. నేను తలుపు దగ్గర నిలబడి అరుస్తుంటే, కొంగులో ఏదో మూట కట్టుకుంటూ, నవ్వుతూ చెయ్యి ఊపింది. నేను తరువాతి స్టేషనులో దిగి వెనక బండి కోసం కాచుకున్నాను. ఆ బండిలోంచి ఎర్రటి కొంగుతో దిగి నన్నే దబాయించింది: "మీరెందుకు దిగినారు? పోయి ఉంటే బెంగళూరులో కలిసి ఉందుము గదా. ఇప్పుడు ఇద్దరం యాడికీ కాకుండా ఈడ నిలబడినాం." తర్కం ప్రకారం ఆమె మాట సరైనది. నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం ఎట్లా ఉండేదో ఇప్పుడు ఎంత ప్రయత్నించినా గుర్తుకు రావడం లేదు. ఆ కొంగు మాత్రం కనిపిస్తున్నది.

పన్నెండో పలక మిగిలినవాటికంటే పెద్దది. దాని మీద ఒక చొక్కా ఉంది, మనిషి లేడు. గోనెగుడ్డను చొక్కా ఆకారంలో కత్తిరించి, పేలుడు తీగలతో కుట్టి, జిగురులో గట్టిపరిచింది. దాని రెండు భుజాల మీద, మెడ వెనక పట్టీ మీద మెత్తటి బూడిదరంగు పొడి ఉంటుంది. ఆ బొమ్మ ముగించిన రోజున అది ఏమిటని అడిగాను.

"మా నాయన చొక్కాది."

గని లైనుల్లో ఒక అలవాటు ఉండేది. షిఫ్టు దిగి వచ్చినవాడు గుమ్మం బయటే పని చొక్కా విప్పాలి. భార్య దానిని బండకేసి కొట్టి దులిపిన తరువాతే నీళ్ళలో వేసేది. కొందరు ఆ దులిపిన దుమ్మును చాటలోకి పట్టి డబ్బాల్లో దాచేవారు. అందులో బంగారం ఉంటుందని వాళ్ళ నమ్మకం. టన్ను రాయిని పిండి చేస్తే దొరికేది కొన్ని గ్రాములు. చొక్కా దులిపితే రాలేది గరిటెడు దుమ్ము. అయినా గని నుంచి బయటికి వచ్చేటప్పుడు ఒళ్ళంతా వెతికి పంపేవారు కనుక, అంత వెతుకుతున్నారంటే ఒంటి మీద ఏదో ఉన్నట్టే గదా అని ఆ ఆడవాళ్ళు లెక్క వేసుకున్నారు. బంగారు గని పక్కన బతికినవాళ్ళకు తప్ప మరొకరికి రాని పొరపాటు అది. మా అత్త కూడా అటువంటి డబ్బా ఒకటి దాచింది. ఆ డబ్బా పెళ్ళయినప్పటినుంచి మా అటక మీద ఉండేది.

"అది నలభై ఏండ్ల కిందటి చొక్కా దుమ్మేనని రుజువేమి?" అన్నాను.

"మా అమ్మ ఇచ్చినాది."

"మీ అమ్మ ఇచ్చింది సరే. దానిలో ఉన్నది అదేనని ఎట్లా తెలుసు?"

"నన్ను కన్నదానికి రుజువు అడిగినారా మా అమ్మను, పెండ్లి చూపుల్లో? ఇదీ అంతే."

మరునాడు పొద్దున ఆమె నాకు మడిచిన కాగితం ఒకటి ఇచ్చింది. లోపల చిటికెడు పొడి. కాగితం మీద పెన్సిలుతో 'నాయన' అని రాసి ఉంది.

"చూసి చెప్పండి. కాదంటే కాదనే చెప్పండి. నేనేం ఏడవను."

"నిజంగా ఏడవవా?"

"ఏడుస్తాను. అయినా చెప్పండి."

దానిని నా బల్ల సొరుగులో పెట్టాను. పెట్టి, చూడలేదు. పని ఎక్కువై చూడలేకపోయానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. ఆ కారణం నిలవదు. అదే నెలలో పక్కింటివాళ్ళ బోరునీళ్ళలోని ఉప్పు కొలిచాను, పాలవాడి పాలలో నీళ్ళెన్నో చూశాను. ఆ ఒక్క పొట్లం జోలికి పోలేదు. అది చొక్కా దుమ్ము కాదనే తేలుతుందని నాకు గట్టి అనుమానం ఉండింది. తేలితే ఆమెకు చెప్పవలసి వస్తుంది. ఆమె మళ్ళీ అడగలేదు. అడగలేదు గనుక మరిచిపోయిందనుకున్నాను.

మూడు నాలుగు నెలల తరువాత ఒక మధ్యాహ్నం ఆమె గది పక్కనుంచి పోతున్నాను. ఆ పలకను తరగతికి తెచ్చి చూపిస్తున్నది. ఒక అమ్మాయి లేచి, "టీచరమ్మా, ఇది నిజంగా మీ నాయన చొక్కాదేనా?" అని అడిగింది.

"మా ఇంట్లో ఉండే సైన్సు మాస్టరు ఎవరో తెలుసు గదా? ఆయన కండ్లలో పడి తప్పించుకొన్న అబద్ధం ఈ ఊర్లో ఏదన్నా ఉండాదా?" అన్నది నా భార్య. పిల్లలు నవ్వారు. "ఆయనకే ఇచ్చినాను. చూసినారు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే ఇంగ అది నిజమే."

నేను కిటికీకి ఇవతల నిలబడి ఉన్నాను. లోపలికి పోయి, నేను చూడలేదు అని చెప్పడానికి నాలుగు అడుగులు చాలు. పిల్లల ముందు ఆమె మాట తీసివేసినట్టు అవుతుందనుకున్నాను. సాయంత్రం ఇంట్లో చెప్పవచ్చుననుకున్నాను. సాయంత్రం ఆమె కాఫీ ఇచ్చి, ఆ రోజు తరగతి ఎంత బాగా జరిగిందో చెప్పింది. ఆ తరువాత ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళలో బొమ్మ చూడడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పింది. కొన్నిసార్లు నేను పక్కనే ఉన్నాను.

పోయిన ఏడాది ఒక ఉదయం, జిగురు గిన్నె పొయ్యి మీద ఉండగానే, గుండె ఆగి పోయింది. నేను పాల ప్యాకెట్టు కోసం వీధి చివరికి పోయి వచ్చేలోపల జరిగింది. అప్పటినుంచి ఇంట్లో నేనూ మా అత్తా మాత్రమే మిగిలాం. ఆమెకు ఎనభై దాటింది. మేమిద్దరం ఒకే మనిషి లేకపోవడాన్ని రెండు గదుల్లో పంచుకొని ఉంటాం. దానిని గురించి మాట్లాడుకోం.

చీటీల మాట వచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయిని, "సార్, ఆ చొక్కా బొమ్మ కింద 'భర్త పరీక్షించి నిర్ధారించారు' అని వేద్దామా? టీచరమ్మ ఎప్పుడూ అట్లే చెప్పేవారు గదా" అన్నది. ఆలోచించి చెబుతానన్నాను. ఇంటికి వచ్చి సొరుగు తెరిచాను. పొట్లం అక్కడే ఉంది.

మా ఊర్లో ఎవరి చేతికైనా అందే బూడిదరంగు పొడి ఒకటే ఉంది: గని రాయి మిల్లులో పిండి అయి, సైనైడుతో బంగారం తీసేసిన తరువాత బయట గుట్టగా పడినది. దానికీ, చొక్కానుంచి దులిపిన దుమ్ముకూ తేడా కనిపెట్టవలసి ఉంది. రెండూ ఒకే రాయి నుంచి వచ్చినవి కనుక రంగు చూసి చెప్పలేం. కానీ నూలు చొక్కాను బండకేసి కొడితే దుమ్ముతోపాటు నూలు పోగులు కూడా రాలాలి. ఈ ఊహ సరైనదో కాదో ముందు చూసుకోవాలి. అందుకని ఒక పాత నూలు చొక్కా వేసుకొని, పెరట్లో ఇటుకలు మోసి, ఒంటి నిండా దుమ్ము చేసుకొని, వసారాలో పాత పేపరు పరిచి దాని మీద చొక్కా దులిపాను. మా అత్త ఆ మూల కూర్చొని నానబెట్టిన అనపగింజలు తొక్క ఊడేలా పితుకుతున్నది.

"ఏమప్పా," అన్నది తల ఎత్తకుండా, "ఈ వయసులో నీకూ బంగారం కావాల్నా?"

"బంగారం కాదత్తా. నీ డబ్బాలో పొడి పరీక్ష చేస్తున్నా. దానికి ఇది పోలిక."

పితికే చెయ్యి ఆగింది. "యా డబ్బా?"

"అటక మీద ఉండేది. మామ చొక్కాది. చీటీలో రాయాలి గదా."

"దానికి పరీక్ష ఎందుకప్పా సుమ్నే ఊరికే? ఎప్పుడో చేసినావు గదా."

నేను పేపరు మడిచి తీసుకొని లోపలికి పోయాను. విరమణ రోజున బడివాళ్ళు బహుమతిగా ఇచ్చిన చిన్న సూక్ష్మదర్శిని ఉంది. ముందు నా చొక్కా దుమ్ము చూశాను. ఇటుక రవ్వల మధ్య ప్రతిచోటా నూలు పోగులు, మెలికలు తిరిగి, లెక్కపెట్టలేనన్ని. తరువాత ఆ పొద్దునే సైనైడ్ గుట్ట అంచునుంచి తెచ్చుకున్న పొడి చూశాను. మిల్లు చేతిలో పడినది కనుక రవ్వలన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నాయి. కొన్నింటికి తుప్పు మరకలున్నాయి. పోగులు లేవు. చివరికి నా భార్య 'నాయన' అని రాసిన కాగితం విప్పాను. నాలుగు గాజు పలకల మీద వేసి నాలుగుసార్లు చూశాను. ఒకే పరిమాణం రవ్వలు. తుప్పు మరకలు. ఒక్క నూలు పోగు లేదు.

ఇంత చిన్న నమూనాతో ఖాయంగా చెప్పకూడదని నా తరగతిలో ఏళ్ళ తరబడి చెప్పాను. ఆ రోజు ఆ నియమాన్ని పట్టుకొని వేలాడాలని చాలా అనిపించింది. అటక మీది డబ్బా దించి అడుగున మిగిలిన పొడి తీసి చూశాను. అదే ఫలితం. నా ఊహ సరైనది. ఎప్పుడూ అటువంటి క్షణంలో పక్క గదిలోకి పోయి ఆమెకు చెప్పేవాణ్ణి. లేచి రెండు అడుగులు వేసిన తరువాత గాని ఆగలేదు.

వసారాలోకి వచ్చాను. అనపగింజలు అట్లాగే ఉన్నాయి.

"ఏం కనిపించినాది?" అన్నది మా అత్త.

"నూలు పోగు ఒకటీ లేదత్తా."

"ఉండదు. ఎట్లా ఉంటాది?" గింజల నీళ్ళలో చెయ్యి తిప్పింది. "ఆయప్ప పోయిన దినం డాక్టరు చెప్పినాడు, రొమ్ము నిండా రాతి దుమ్మే ఉండాదమ్మా అని. ఇంటికొచ్చి చూస్తే పొయ్యి పక్కన డబ్బా. దినాము దులిపి దులిపి నేను దాచిపెట్టుకొన్నాను గదా, బంగారం బంగారం అని. అదే గదా ఆయప్పను తినేసింది? తీసుకొనిపోయి కాలవలో కుమ్మరించేసినాను."

"మరి ఈ పొడి?"

"మూడోదినం బిడ్డ లేచి, నాయన డబ్బా యాడమ్మా అని ఒకటే ఏడుపు. మూత తీస్తే నాయన వాసన వస్తాదంట. నేనేం చేసేదప్పా? కొంగు తలకు చుట్టుకొని గుట్ట ఎక్కినాను. నింపుకొని వచ్చి ఇచ్చినాను. మూత తీసి వాసన చూసి, ఆ, ఇదే అనింది. పండుకొనింది."

"ఎప్పుడూ చెప్పలేదా?"

"ఎప్పుడు చెప్పేది? నాలుగో క్లాసు బిడ్డకు చెప్పేదా? పెండ్లి నాడు డబ్బా మూటలో పెట్టుకొంటుంటే చెప్పేదా? బొమ్మకు పూసినాక చెప్పేదా? ఒక్కొక్కసారికీ ఇంగ లేటయిపోయినాది."

ఆమె నా వంక చూసి, "నువ్వు పరీక్ష చేసినావు, సరిగా ఉండాదన్నావు అని బిడ్డ వచ్చి చెప్పినప్పుడు నాకు గుండె జారిపోయినాది. అల్లుడు కనిపెట్టేసినాడు, నా మానం కాపాడినాడు అనుకొన్నాను" అన్నది.

"నేను చూడనే లేదత్తా. పొట్లం ఇప్పుడే విప్పాను."

"చూడనే లేదా?"

"లేదు."

మా అత్తకు నవ్వు మొదలైంది. పళ్ళు లేని నోటితో, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అయ్యో నీ పాసుగాల! నా గుట్టు నీకు తెలుసని భయపడి ఇన్నేండ్లు సాంబార్లో ఉప్పు లేకపోయినా నోరెత్తలేదు గదప్పా నేను!"

నేనూ నవ్వాను. ఏడాదిలో ఆ ఇంట్లో ఇద్దరం కలిసి నవ్వడం అదే మొదటిసారి. నవ్వు ఆగిన తరువాత, ఈ మాట చెబితే మాకంటే ఎక్కువ నవ్వి ఉండవలసిన మనిషి గుర్తుకు వచ్చింది. మా అత్తకు కూడా వచ్చిందని అనుకుంటాను. మళ్ళీ గింజలు పితకడం మొదలుపెట్టింది.

కొంతసేపటికి అన్నది: "ఆ గుట్ట మాత్రం యాడినుంచి వచ్చినాదప్పా? ఆకాశం నుంచి పడినాదా? ఆయప్ప, ఆయప్ప జతగాళ్ళు లోపల కొట్టిన రాయే గదా. మిల్లుకు పోయినాది, ఈడ పడినాది."

ఈ వాదనలో తప్పు ఎక్కడుందా అని ఆ సాయంత్రమంతా వెతికాను. ఆయన పనిచేసిన గని రాయి ఆ మిల్లుకే పోయేది. ఆ మిల్లు పొడి ఆ గుట్టమీదే పడేది. ఆయన బెజ్జాలు వేసిన రాయి ఆ గుట్టలో ఉండడం దాదాపు తప్పనిసరి. ఈ డబ్బాలో ఉన్నదని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు, లేదని చెప్పడానికీ లేదు. అంతకంటే ముందుకు పోలేకపోయాను. చదువు రాని మనిషి నానబెట్టిన గింజలు పితుకుతూ నన్ను అక్కడిదాకా తీసుకుపోయి వదిలింది.

చీటీ రాశాను. కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. మా అత్తకు రెండూ చదవడం రాదు కనుక పైకి చదివి వినిపించాను:

"గోనెగుడ్డ, పేలుడు తీగలు, చింతగింజల జిగురు, గని మిల్లు గుట్ట పొడి. ఈ పొడి తన తండ్రి పని చొక్కానుంచి దులిపినదని చిత్రకారిణి నమ్మింది. నేను దానిని పరీక్షించానని కూడా నమ్మింది. ఆమె బతికి ఉండగా నేను పరీక్షించలేదు. ఇప్పుడు పరీక్షించాను. ఇది గుట్ట పొడి."

"నన్ను గురించి ఏం రాసినావు?"

"ఏమీ రాయలేదు. ఆ మాట మన మధ్యనే ఉండనీ."

"ఎందుకుండల్ల? నువ్వొక్కడివే చేసినట్టు రాసుకొంటావా? గుట్ట ఎక్కింది నేను. కాళ్ళు కాలిపోతుంటే కొంగులో మోసుకొచ్చింది నేను. రాయి."

"పదిమంది చదువుతారత్తా."

"చదవనీ. ఆ బొమ్మలో నా కష్టం కూడా ఉండాది. రాయప్పా."

కింద ఇంకొక వాక్యం చేర్చాను: "తండ్రి పోయిన మూడో రోజున, బిడ్డ కోసం, గుట్ట ఎక్కి దీనిని తెచ్చినది ఆమె తల్లి."

ప్రదర్శన రోజున హాలు నిండింది. పాత విద్యార్థుల్లో కొందరు మాలూరు ఫ్యాక్టరీలలో సెలవు పెట్టి వచ్చారు. ఆండర్సన్‌పేటలో ఆటో నడిపే ఒకతను పురుగులు తిన్న చెరువు బొమ్మ ముందు నిలబడి, ఊపిరి ఎట్లా బిగబట్టేవాళ్ళమో తన కూతురికి చూపించాడు. చొక్కా బొమ్మ దగ్గర జనం ఆగి చీటీ చదివారు. ఒకావిడ, నా భార్య దగ్గర చదువుకున్నదే, చీటీ చదివి నా వైపు తిరిగింది. "టీచరమ్మ మీ పేరు చెప్పి మాకు ఎన్నిసార్లు చెప్పినారో సార్" అన్నది. ఆమె గొంతులో నింద ఉందో లేదో తేల్చుకోలేకపోయాను. ఉండవలసిందే. మా అత్త ఆ బొమ్మ పక్కనే కుర్చీ వేయించుకొని కూర్చుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ తాను గుట్ట ఎక్కిన సంగతి చెబుతున్నది. చెప్పిన ప్రతిసారికీ ఆ రోజుటి ఎండ కొంత పెరుగుతున్నది.

జనం పలచబడిన తరువాత నేను ఆ పలక ఎదురుగా కూర్చున్నాను. ఒక ఆలోచన అప్పటినుంచి నన్ను వదలలేదు. ఇటుక పొడులు రెండు వేళ్ళ మధ్య నలిపి ఏది ఏ బట్టీదో చెప్పగలిగిన మనిషి ఆమె. చిన్నప్పుడు ఆ గుట్ట మీదే ఆడుకుంది. ఆ డబ్బాలో ఉన్నది గుట్ట పొడి అని ఆమె వేళ్ళకు తెలియకుండా ఉంటుందా? తెలిసే నాకు ఇచ్చిందా? కాదంటే కాదనే చెప్పండి అన్నది. నేను చెబుతానని ఎదురుచూసిందా, చెప్పనందుకు సంతోషించిందా? తెలిసి ఉండవచ్చు. తెలియకనూ పోవచ్చు. పరీక్షించడానికి ఏ పద్ధతీ లేదు. పొట్లం ఇచ్చిన మరునాడే నేను నోరు తెరిచి ఉంటే ఒక్క మాటలో తెలిసిపోయేది.

ఆమె ఈ చీటీ చదివితే ఒప్పుకోదు, అంతవరకు నాకు తెలుసు. ఏ వాక్యం దగ్గర ఆగుతుందో, ఏమని కొట్టివేస్తుందో ఊహించడానికి ప్రయత్నించాను. నాకు తోచినవన్నీ నా మాటలుగానే ఉన్నాయి. ఆమె మాట ఎప్పుడూ నేను చూడని వైపునుంచి వచ్చేది. ఎన్నేళ్ళు కలిసి బతికినా అది ముందుగా ఒక్కసారి కూడా పట్టుకోలేకపోయాను.

బడి నౌకరు కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నాడు. మా అత్త కుర్చీలోంచి లేచి, "ఇంగ పోదాం రాప్పా, ఆటో వచ్చినాది" అన్నది. వస్తున్నానని చెప్పి, చీటీని మరొకసారి మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను.